పెరట్లో నీళ్లు పారాలా, నిలవాలా?

రాత్రి రెండింటికి దొడ్డి తలుపు గడియ తీసిన చప్పుడైంది. "ఎవుర్రా కుళాయి వదిలీసేరు? ట్యాంకంతా ఖాళీ అయిపోద్ది" అంటోంది అమ్మ చీకట్లో. కుళాయి కాదమ్మా, ఫౌంటెను అని మంచం మీంచే చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత, "ఐతే దాన్నే కట్టీరా నాన్నా. ఆ సప్పుడుకి కన్ను మూతపడ్డం లేదు" అంది.

ఆ ఫౌంటెను నా ముచ్చట. నెల రోజులు వీడియోలు చూసి చూసి, 4,800 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. నాలుగు ఫైబర్ గిన్నెలు, ఒకదాని కింద ఒకటి, పై గిన్నెలోంచి కిందికి నీళ్లు జారుతూ ఉంటాయి. అడుగున నీలం లైటు. అట్టపెట్టె మీద మనశ్శాంతి అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట మూడు చోట్ల ఉంది. కరివేపాకు చెట్టు పక్కన పెట్టి, సాయంత్రం స్విచ్ వేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పావుగంట బాగానే ఉంది. ఆ తర్వాత ఏదో పని మర్చిపోయినట్టు లోపల గుబులు మొదలైంది. లేచి వంటింట్లో కుళాయి చూసి వచ్చాను. మళ్లీ కూర్చున్నాను. ఈసారి మేడ మీదకెళ్లి ట్యాంకు చూసి వచ్చాను. మూడో రోజుకి గానీ తెలియలేదు, నాకూ అమ్మకీ ఉన్న జబ్బు ఒకటేనని.

మాది విశాఖపట్నంలో మాధవధార. నా చిన్నప్పుడు మా వీధికి కుళాయి తెల్లవారుజామున వచ్చేది, గంటో గంటన్నరో. ఆ గంటలో బిందెలు, బకెట్లు, గంగాళం, చివరికి వంటింట్లో మూతలున్న గిన్నెలు కూడా నిండాలి. ఒక్క బిందె పొంగి నేల మీదకి కారినా ఇంట్లో ఎవరో ఒకరికి తిట్లు ఖాయం. తర్వాత ఇంటింటికీ మోటార్లు, మేడ మీద నల్ల ట్యాంకులు వచ్చాయి. ట్యాంకు నిండి సన్‌షేడ్ మీద నీళ్లు దబదబ పడుతుంటే, ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, దారిన పోయే పాలవాడు, అందరూ ఒకటే కేక: "మీ ట్యాంకు పొంగిపోతందండీ!" ఈ ఊళ్లో పారే నీళ్ల చప్పుడంటే ఎవరో ఏదో కట్టడం మర్చిపోయారని అర్థం. ఆ చప్పుడు వింటే మనసు నిమ్మళిస్తుందని మొదట ఎవరన్నారో గానీ వాళ్లింట్లో కుళాయి ఇరవై నాలుగు గంటలూ వస్తూ ఉండి ఉంటుంది. నేను డబ్బులిచ్చి కొనుక్కున్నది, రాత్రింబవళ్లు టెన్షన్ పెట్టే యంత్రాన్ని.

అందుకే చెబుతున్నాను. పెరట్లో నీళ్లు ఉండాల్సిందే. కానీ మన పెరళ్లకి, మన నీళ్లకి, మన చెవులకి పనికొచ్చేవి పారే నీళ్లు కావు, నిలవ నీళ్లు. ఫౌంటెను కాదు, గోలెం. ఈ మాట అనగానే "దోమలో?" అని ఒకరు, "నీళ్ల దండగ కదా?" అని ఒకరు అంటారని తెలుసు. రెండూ నేను అడిగిన ప్రశ్నలే. వాటి దగ్గరికి వస్తాను.

ముందు ఫౌంటెను సంగతి తేల్చేద్దాం. మూడు నెలలు బతికింది. అడుగు గిన్నెలో పట్టేదే పదిహేను లీటర్లు. మే నెలలో సముద్రం గాలి మధ్యాహ్నం మొదలైతే, పై గిన్నెలోంచి జారే తుంపర సగం గోడ మీదకీ, నా చొక్కా మీదకీ పోయేది. రెండు రోజులకోసారి నింపకపోతే మోటారు నీళ్లకి బదులు గాలి పీల్చి గరగరమనేది. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని నల్ల గిన్నెలకి తెల్ల చారలు. నాలుగు స్క్రూలూ తుప్పు పట్టాయి. చివరికి ఓ పెళ్లికి విజయనగరం వెళ్లి వచ్చేసరికి నీళ్లింకిపోయి మోటారు కాలిపోయింది. 18 వాట్ల మోటారు రోజంతా తిరిగితే నెలకి పదమూడు యూనిట్లు. ఆ నెలల కరెంటు బిల్లులు అమ్మకి చూపించలేదు.

మా తమ్ముడు ఒప్పుకోలేదు. "మన కాలనీ పేరులోనే ధార ఉంది. పారే నీళ్లు మనకి కొత్తా అన్నయ్యా?" అన్నాడు. పాయింటే. సింహాచలం కొండ ఇవతలి వైపు మాధవస్వామి గుడి, అక్కడ ధార. ఊళ్లోకి వస్తే సీతమ్మధార, ఇప్పుడు అపార్టుమెంట్ల మధ్య పేరు. కొండ మీద గంగధార. విశాఖ కొండలు వాన నీళ్లు తాగి మెల్లగా వదిలే కొండలు, అందుకే ఊరి పేర్లలో ఇన్ని ధారలు. కానీ ఆ ధారతో మనవాళ్లు ఏం చేస్తారో కూడా చూడాలి కదా. అక్షయ తృతీయ నాడు చందనోత్సవంలో అప్పన్న నిజరూప దర్శనం అయ్యాక సహస్ర ఘటాభిషేకం చేస్తారు, గంగధార నీళ్లతో, వెయ్యి కుండలతో. ధార ఎంత పారినా స్వామి దగ్గరికి వచ్చేది కుండలోనే.

ఇంకా పాత సాక్ష్యం కావాలంటే భీమిలి బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర తొట్లకొండ ఎక్కండి. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ ఉన్న బౌద్ధ భిక్షువులు వాన నీళ్ల కోసం కొండ రాతిని తొట్లుగా తొలుచుకున్నారు. కొండకి ఆ పేరు వాటి వల్లే. అటుపక్క బావికొండకి బావుల వల్ల పేరు. అందరూ స్తూపం దగ్గర, విహారాల పునాదుల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. నేను మాత్రం ఆ తొట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, వాళ్లు తెల్లవారి లేచి చూసుకున్నది ఆ గుంటలో నీళ్లెంత ఉన్నాయా అనే.

మా ఇంట్లో గోలెం ఉన్నదే. నాన్న పోయించిన సిమెంటు గోలెం, మూతి రెండడుగులు, లోతు అడుగున్నర పైచిలుకు, నూట నలభై లీటర్ల దాకా పడుతుంది. బట్టలుతికే బండ పక్కన ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక కరెంటు లేదు, మోటారు లేదు, కుళాయి లేదు. మేడ మీద ట్యాంకు మూత ఎక్కడికి ఎగిరిపోయిందో ఇప్పటికీ తెలియదు. ఆ రోజుల్లో మా గిన్నెలు తోమింది, కాళ్లు కడిగింది ఆ గోలెంలో నీళ్లతోనే. ఆ తర్వాత సంపు కట్టించాం, గోలెం బోర్లా పడింది. ఫౌంటెను చచ్చిన వారానికి దాన్ని మళ్లీ తిరగేశాను.

తిరగేసిన చోటే నింపేశాను, అది మొదటి తప్పు. పనస చెట్టు నీడ. కలువకి రోజుకి ఐదారు గంటల ఎండ తగలాలి, లేకపోతే ఆకులే తప్ప పువ్వుండదు. నూట నలభై లీటర్లంటే నూట నలభై కిలోలు, దానికి సిమెంటు బరువు అదనం. నేనూ తమ్ముడూ కదిపి చూసి, నడుం పట్టుకుని, మొత్తం తోడి పోసి, మళ్లీ తూర్పు గోడ వైపు దొర్లించుకున్నాం. కాబట్టి ముందు చోటు, తర్వాత నీళ్లు.

మట్టి విషయంలో నర్సరీవాళ్లు ఇచ్చే సంచుల జోలికి పోకండి. కోకోపీట్, కంపోస్టు కలిపిన మట్టి నీళ్లలో వేస్తే పైకి తేలుతుంది, కుళ్లుతుంది, నీళ్లు వాసనొస్తాయి. కలువకి కావాల్సింది బరువైన బంకమట్టి. మా పెరటి ఎర్రమట్టి అంత పట్టు ఉన్నది కాదు. బంకమట్టి ఎక్కడ దొరుకుతుందా అని తిరుగుతుంటే వినాయక చవితి వచ్చింది. రంగుల్లేని మట్టి వినాయకుణ్ణి మేం ఇంట్లోనే బకెట్లో నిమజ్జనం చేస్తాం. అడుగున మిగిలిన మట్టిని ఇంతకుముందు తులసి కోటలో వేసేవాళ్లం. ఆ ఏడాది కలువకి వేశాం. అమ్మకి ఈ మొత్తం వ్యవహారంలో నచ్చిన మొదటి సంగతి అదే.

నాటడం పావుగంట పని. వెడల్పాటి పాత ప్లాస్టిక్ బేసిన్ తీసుకుని మూడొంతుల్లో రెండొంతులు మట్టి నింపాలి. కలువ దుంపని కాస్త ఏటవాలుగా, మొలక కొస మట్టిపైకి కనబడేట్టు పెట్టాలి. కొసని కప్పేస్తే కుళ్లిపోతుంది. పైన చిన్న కంకర రెండు వేళ్ల మందం పరిస్తే మట్టి లేవదు, చేపలు పెకిలించవు. నాకు దుంప మా తమ్ముడి స్నేహితుడు కడియం నర్సరీల నుంచి తెచ్చిపెట్టాడు, తడి గుడ్డలో చుట్టి, బస్సులో. బేసిన్‌ని గోలెంలో నేరుగా అడుక్కి దించకుండా మొదట రెండు ఇటుకల మీద పెట్టాను. ఆకులు నీటి మట్టానికి అందాక ఒక ఇటుక, మళ్లీ కొన్నాళ్లకి ఇంకో ఇటుక తీశాను. నీళ్లు పోసేటప్పుడు కంకర మీద ఓ పళ్లెం పెట్టి దాని మీద పోయాలి. ఇది అమ్మ చెప్పింది, అడుగు మట్టి లేవకుండా పోసే పద్ధతి ఆవిడకి ముందే తెలుసు.

మొదటి వారం నీళ్లు బురద రంగు. రెండో వారం పాలకూర ఉడకబెట్టిన నీళ్లలా పచ్చగా తిరిగాయి. నాకు చిరాకొచ్చి మొత్తం పారబోసి కొత్త నీళ్లు పోశాను. వారానికి మళ్లీ పచ్చన. మళ్లీ పారబోశాను. మూడోసారి బద్ధకించి వదిలేశాను, అదే మంచిదైంది. నీటి మీద సగం పైన ఆకులు పరుచుకున్నాక కింద ఎండ తగలక ఆ పచ్చదనం దానంతటదే పోయింది. నేను కొత్త నీళ్లు పోసిన ప్రతిసారీ నాచుకే తిండి పెట్టానన్నమాట. ఇప్పుడు నెలకోసారి కాస్త ఎముకల పొడి కాగితంలో చుట్టి వేలితో మట్టిలోకి గుచ్చడం తప్ప ఏమీ చెయ్యను.

మాది ఎర్ర కలువ. రాత్రి విచ్చుకుని, పొద్దున్న తొమ్మిదో పదో అయ్యేదాకా ఉండి, ముడుచుకుంటుంది. చంద్రుణ్ణి చూసి కలువ పూస్తుందని చదువుకున్నాం కదా. అమావాస్య నాడూ పూసింది. కవులు మరి పెరట్లో గోలెం పెట్టుకోలేదేమో. తామర పెడతామంటే పెట్టండి గానీ, దానికి ఇంకా వెడల్పైన తొట్టి, ఇంకా ఎక్కువ ఎండ కావాలి, దుంప గుండ్రంగా పాకుతూ పోతుంది. మొదటిసారికి కలువే నయం. ఎవరైనా ప్రేమగా గుర్రపుడెక్క మొక్క ఇస్తే మాత్రం నవ్వుతూ తీసుకుని ఎండలో ఆరేయండి. చెరువులనే కప్పేసిన మొక్కకి మీ గోలెం ఓ లెక్క కాదు.

ఇక చేపలు. గప్పీలు, అక్వేరియం షాపులో అన్నిటికంటే చవగ్గా దొరికేవి. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. పాత గోలెంలో వేసిన ఆరు చేపలు మూడు నెలల్లో లెక్కకి అందలేదు. ఆ ఉత్సాహంతో కొత్త సిమెంటు గోలెం ఒకటి కొని, వారం కూడా ఆగకుండా పది చేపలు వేశాను. మూడు రోజుల్లో పదీ తేలాయి. కొత్త సిమెంటులోంచి సున్నం దిగుతుంది, ఆ నీళ్లు సబ్బు నీళ్లలా జారుడుగా ఉంటాయి, చేపల మొప్పలకి అది పడదు. రెండు మూడు వారాలు నింపుతూ పారబోస్తూ ఉండాలి. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టి పారబొయ్యడం పాత పద్ధతి. ఇది నాకు తర్వాత చెప్పినవాళ్లు చాలామంది. కుళాయి నీళ్లయితే ఒక రోజు బకెట్లో ఉంచి, క్లోరిన్ వాసన పోయాక పొయ్యాలి.

దోమల సంగతి. ఓ శుక్రవారం డ్రై డే అని, అంటే ఇంట్లో నిలవ నీళ్లన్నీ పారబోసే రోజని, ఆరోగ్య కార్యకర్త వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, చేతిలో తెల్ల ప్లాస్టిక్ మగ్గు, టార్చి. గోలెం చూడగానే "సార్, ఇది పారబొయ్యాలండి" అంది. నేను మొదలుపెట్టాను. చేపలు పిల్లపురుగుల్ని ఎలా తింటాయో, తూనీగ పిల్లలు ఎలా తింటాయో, ఇది దోమల పుట్టిల్లు కాదు దోమలకి ఉచ్చు అనీ, పది నిమిషాలు. ఆ అమ్మాయి వింటూనే గోలెం అంచు వెంబడి మగ్గు మూడుసార్లు ముంచి, టార్చి వేసి చూసింది. ఏమీ లేవు. నేను గర్వంగా నిలబడ్డాను. "లోపలికి రావొచ్చా సార్?" అంది. వచ్చి, నేరుగా ఫ్రిజ్ వెనక్కి వంగి, అడుగు ట్రేలో వేలు పెట్టింది. పొడిగానే ఉంది. తర్వాత హాల్లో కిటికీలో ఉన్న మనీప్లాంటు సీసా తీసి వెలుతురుకి ఎత్తి పట్టింది. నీటి మట్టం దగ్గర పది పదిహేను పిల్లపురుగులు, తలలు కిందికి వేలాడేసి, సీసా కదపగానే మెలికలు తిరుగుతూ అడుక్కి జారాయి.

"చేపలుంటే పర్లేదండి, గోలెం ఉంచుకోండి" అంది అమ్మవైపు తిరిగి. "మామ్మగారూ, ఇదిగోండి, ఇలాంటి సీసాలతోనే జొరాలొస్తన్నాయి." సీసా సింకులో పారబోసింది నేనే.

ఆ అమ్మాయి తప్పు చెప్పలేదు, నా వాదనా తప్పు కాదు. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది, నల్ల ఒంటి మీద తెల్ల చుక్కలుంటాయి. దానికి మురుగు అక్కర్లేదు, మనం వాడుకునే మంచినీళ్లే ఇష్టం. గుడ్డు దోమ కావడానికి మన వేడికి వారం, పది రోజులు. అందుకే వారానికోసారి డ్రై డే పెట్టారు. చాలామందికి తెలియనిదేమిటంటే, అది గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన, తడి గోడకి, మిరియాల పొడి చల్లినట్టు. నీళ్లు పారబోసినా గుడ్లు గోడకే అంటుకుని నెలల తరబడి ఎండిపోయి ఉండగలవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే గోలెం అంచుని వారానికోసారి కొబ్బరి పీచుతో గట్టిగా తోముతాను. శుక్రవారం, మర్చిపోకుండా ఉంటుందని.

నేననేది ఇది. మన ఇళ్లల్లో దోమల్ని పెంచేది చూసుకునే నీళ్లు కావు, మర్చిపోయిన నీళ్లు. పూలకుండీ కింద పళ్లెం, మేడ మీద పడేసిన టైరు, కొబ్బరి చిప్ప, ఎండాకాలం అయ్యాక మూల పెట్టిన కూలరు. రోజూ పొద్దున్నే వంగి చూసే గోలెంలోకి దోమ వచ్చి గుడ్లు పెడితే, ఆ పిల్లలన్నీ గప్పీల పొట్టలోకే. అయితే దీనికో షరతు ఉంది, దాన్ని మింగెయ్యను. చూసుకునే తీరిక లేకపోతే గోలెం పెట్టకండి. నెల రోజులు ఇల్లు తాళం వేసి అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్తుంటే, చేపలు పక్కింటికి ఇచ్చి, గోలెం తోమి, బోర్లించి వెళ్లండి. చేపలు చచ్చిన గోలెం ఫౌంటెను కంటే పదింతలు చెడ్డది. ఇంకో మాట, దోమల కోసమని చెరువుల్లో వదిలే గంబూసియా చేప 1928లో మన దేశానికి తెచ్చినది. మిగతా చేపల రెక్కలు కొరుకుతుంది, కప్ప పిల్లల్ని బతకనివ్వదు. ఆ చేపైనా, గప్పీ అయినా, ఎక్కువైపోయాయని గెడ్డలో, అదే వాగులో, మాత్రం వదలకండి.

నీళ్ల దండగ అన్న మాటకి జవాబు నేను స్కేలుతో వెతికాను. మే నెలలో గోలెం లోపలి గోడకి పెన్సిల్‌తో గీత గీసి, మర్నాడు అదే వేళకి చూస్తే ఏడు మిల్లీమీటర్లు తగ్గింది. రెండడుగుల మూతికి అది రెండు లీటర్ల లెక్క. ఎండాకాలం నడినెత్తిన రోజుకి రెండు లీటర్లు. బాత్రూంలో ఒక్కసారి ఫ్లష్ నొక్కితే పోయేది దీనికి మూడింతలు పైనే. తోడిన పాత నీళ్లు కరివేపాకు చెట్టుకే పోతాయి, చేపల ఎరువుతో సహా.

పైగా విశాఖలో మనకో కొత్త ధార ఉంది. ఏసీ పైపు. ఈ ఊరి గాలిలో ఉన్న తేమకి మా బెడ్‌రూం ఏసీ కింద బకెట్ పెడితే తెల్లారేసరికి నిండుతుంది. అందరూ దాన్ని గోడ మీదకి వదిలేసి గోడ పాచిపట్టిందని తిట్టుకుంటారు. ఆ నీళ్లలో ఉప్పు లేదు, మొక్కలకి బాగుంటాయి. రాగి గొట్టాల మీంచి వచ్చేవి కాబట్టి చేపలున్న గోలెంలో మాత్రం పొయ్యను. కుండీలకి ఏసీ నీళ్లు, గోలేనికి కుళాయి నీళ్లు, అలా లెక్క సరిపోతుంది. ఆర్వో ఫిల్టరు బయటికి వదిలే వేస్టు నీళ్లు పోద్దామన్న తెలివి కూడా నాకు వచ్చింది. అసలే వడకట్టిన ఉప్పంతా చేరిన నీళ్లవి. గోలెంలో ఎండకి ఇంకా చిక్కబడి, ఆకుల అంచులు మాడి, గోడకి తెల్ల పొర కట్టింది. అవి గచ్చు కడగడానికే.

గోలెం తర్వాత వచ్చింది రుబ్బురోలు. గ్రైండరు వచ్చిన దగ్గర్నుంచి పొత్రంతో సహా మెట్ల కింద పడి ఉంది. దాన్ని పిట్టల కోసం పెరట్లో పెడతానంటే అమ్మ ముఖం మారిపోయింది. "పసుపు రాసి బొట్టెట్టిన రోల్రా అది. కాకులు కాళ్లు కడుక్కోడానికా?" అంది. రోలు మీద కూర్చోనివ్వని ఇంట్లో రోట్లో పిట్టలు రెట్టలు వేస్తాయంటే ఒప్పుకోవడం మాటలు కాదు. నాలుగు రోజులు ఆ ఊసెత్తలేదు. ఐదో రోజు పొద్దున్న నేను లేచేసరికి ఆవిడే రోలు కడిగి, చుట్టూ పసుపు రాసి, బొట్టు పెట్టి, "ఎక్కడ పెడతావో పెట్టు" అంది. పొత్రం మాత్రం ఇవ్వలేదు.

రోలు గుంట లోతు ఎక్కువ, పిచ్చుక మునిగిపోతుంది. అడుగున గులకరాళ్లు వేసి ఒక పక్కకి వాలు వచ్చేట్టు సర్దాను. లోతైన చోట మూడు వేళ్లు, అంచు దగ్గర ఒక వేలు. నున్నటి పింగాణీ గిన్నెల మీద పిట్టల కాళ్లు జారతాయి. రోలు రాయి గరుకుగా ఉంటుంది, దానికి పుట్టిందే అన్నట్టు. పొదలకి ఆరేడడుగుల దూరంలో పెట్టాను, పిల్లి పొంచి ఉండటానికి చోటు లేకుండా. ఇందులో చేపలుండవు కాబట్టి నీళ్లు రోజూ మార్చాలి, దోమ మాటే రాదు. మొదటి వారం ఒక్క పిట్టా రాలేదు. తర్వాత గోరింకలు గుంపుగా దిగి, వంతుల కోసం పోట్లాడుకుంటూ నీళ్లన్నీ బయటికి చిమ్మాయి. పిగిలిపిట్టలు జంటగా వస్తాయి, ఒకటి స్నానం చేస్తుంటే ఒకటి గోడ మీద కాపలా. కాకి సంగతి వేరు. ఎక్కడిదో ఎండిన చపాతీ ముక్క తెచ్చి రోట్లో నానబెట్టి, కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చి, మెత్తబడ్డాక తింటుంది. "రోలు రోలుకే పనికొచ్చింది" అంది అమ్మ చూసి.

చేపలున్నాయని తెలిసిన లకుముకి పిట్ట కూడా వచ్చింది, కరెంటు తీగ మీంచి సూటిగా గోలెంలోకి. దానికి రోజూ రెండు మూడు గప్పీలు ఫలహారం. వల కప్పమని తమ్ముడు చెప్పాడు. వల కప్పాను, పిట్ట కోసం కాదు. అక్క మనవరాలు నడక నేర్చుకుంటోంది, శెలవులకి వస్తుంది. రెండంగుళాల నీళ్లు చాలు చిన్న పిల్లలకి ప్రమాదం కావడానికి. నీటి మట్టానికి పైన, నీళ్లు తగలకుండా, గట్టి మెష్ బిగించాను, ఆకులు దాని కన్నాల్లోంచి పైకి వస్తాయి. మా గాలికి ఇనుము ఏడాది తిరగకుండానే తుప్పు పడుతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలుదే వాడాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ మెష్ లేకుండా గోలెం గానీ, గుంట గానీ పెట్టకండి. ఇది మాత్రం వాదన కాదు.

గుంట తవ్వి టార్పాలిన్ పట్టా పరిచి చిన్న కొలను చేసుకున్నవాళ్లున్నారు. పెందుర్తిలో మా బావగారు చేశారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. పట్టా కొలతకి పొడవుకీ వెడల్పుకీ రెండేసి లోతులు కలిపి, అంచులకి ఇంకో రెండడుగులు వేసుకోవాలి. అంటే పదకొండుకి తొమ్మిది. గుంట అంచు అన్ని వైపులా ఒకే మట్టానికి లేకపోతే ఒక పక్క నుంచి నీళ్లు పోతూనే ఉంటాయి, బావగారికి రెండుసార్లు పోయాయి. ఒక పక్క రాళ్లతో మెట్టులా కట్టకపోతే ఉడతలు పడి బయటికి రాలేవు. మా పెరట్లో కొబ్బరి వేళ్లు ఉన్నాయి కాబట్టి నేను ఆ జోలికి పోలేదు.

అయినా చప్పుడు కావాలనిపిస్తే కూలరు మోటారు చాలు, గోలెంలో వేసి గొట్టం రోట్లోకి వదిలి సాయంత్రం ఓ గంట నడిపించండి. నీళ్లూ కరెంటూ ఒకచోట ఉన్నప్పుడు కరెంటు లీకైతే టక్కున ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వెయ్యకండి, గోలెంలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్ పీకండి. నేను రెండు సాయంత్రాలు నడిపించి ఆపేశాను. ఆ మోటారుతో ఇప్పుడు అడుగు బురద నీళ్లు తోడి చెట్లకి పెడుతున్నాను, ఆ పనికి బాగుంది.

మొన్న తొలకరి వాన పడ్డ రాత్రి గోలెం నిండి పొర్లింది. చేపలు కొట్టుకుపోకుండా అంచుకి కింద కన్నం వేసి జల్లెడ గుడ్డ కట్టి ఉంచాను కాబట్టి పర్లేదు. వాన వెలిసాక కప్పలు మొదలుపెట్టాయి. ఎన్నో తెలియదు గానీ, గోలెం చుట్టూ చేరి, ఒకటి ఆపితే ఇంకోటి, పన్నెండు నుంచి మూడింటి దాకా. నాకు నిద్ర పట్టలేదు. టార్చి తీసుకుని పెరట్లోకి వెళ్లొచ్చాను, దిండు చెవులకి అడ్డం పెట్టుకున్నాను. పక్క గదిలో అమ్మ గురక వినిపిస్తోంది.

పొద్దున్న కాఫీ తాగుతూ, రాత్రి అంత గోలలో ఎలా నిద్రపోయావే అని అడిగాను.

"గోలేటి?" అంది. "కప్పలు కదురా. నీళ్లేటీ పోవట్లేదు కదా."